ఈకలు రాలిన వారం

ఆ ఏడు అక్టోబరు మూడో వారంలో కోళ్లన్నిటినీ కప్పు కిందికి చేర్చాలని రేడియోలో చెప్పారు. మా ఊరికి పన్నెండు కిలోమీటర్ల అవతల, ఉప్పునీటి పాయ ఒడ్డున, వలస వచ్చిన పెద్దబాతులు పదిహేడు చచ్చి పడున్నాయి. వాటిని చంపింది కోళ్ల జబ్బేనని రెండు రోజుల్లో తేలింది. మాది డెన్మార్కులో పడమటి తీరం. ఇక్కడ ప్రతి రెండో ఇంటివాడి బతుకూ పందులతోనో కోళ్లతోనో ముడిపడి ఉంటుంది. రేడియో మాట విన్న రోజు దుకాణంలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

మా ఇంట్లో ఉన్నవి ఆరు కోళ్లు. అవి నావి కావు, మా అత్తగారివి. ఆవిడ పేరు రాగ్నిల్, ఎనభై రెండేళ్లు. ఆ వసంతంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట కూడా పోయింది. మాట పోయిందంటే మూగబోయిందని కాదు. ఏం చెప్పాలో ఆవిడకి తెలుసు, నోట్లోంచి మాత్రం ఇంకేదో వచ్చేది. ఉప్పు అందుకోమనబోయి 'తలుపు' అనేది. అన్నది తప్పని ఆవిడకే తెలిసిపోయి, ఎడమచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచేది. ఒంటరిగా ఉండలేక మా ఇంటికి వచ్చేటప్పుడు కోళ్లని కూడా తెచ్చుకుంది. అవి రాకపోతే తనూ రానని కారెక్కకుండా కూచుంది.

అసలు మేం కోళ్లు పెంచకూడదు. మా ఆయన ఐనర్, నేనూ ఇద్దరం పనిచేసేది అతని అన్న తోర్కిల్ షెడ్డులో. పొలం అంచునే నడిస్తే మా ఇంటి నుంచి పది నిమిషాలు. పద్దెనిమిది వేల గుడ్ల కోళ్లున్న షెడ్డు అది. ఐనర్ లోపలి పని చూసేవాడు, నేను పొద్దున నాలుగు గంటలు బెల్టు మీద వచ్చే గుడ్లని ట్రేలలో సర్దేదాన్ని. షెడ్డులో పనిచేసేవాళ్ల ఇళ్లలో కోడి అన్నది ఉండకూడదని గుడ్లు కొనే కంపెనీ నియమం. తోర్కిల్ చూసీచూడనట్టు ఊరుకున్నాడు. తల్లి దగ్గర అతను మెత్తబడిన విషయం అదొక్కటే.

రేడియోలో చెప్పిన పావుగంటకే అతని ఫోను వచ్చింది.

"దోర్తె, అమ్మ కోళ్లు సాయంత్రంలోపు లోపలుండాలి. ఒక్క ఈక కూడా బయట కనపడకూడదు."

"పెడుతున్నాం. ఐనర్ వల తెస్తున్నాడు."

"కిటికీలకి కూడా కొట్టండి. పిచ్చుక దూరినా ఊరుకోను."

పెరట్లో బట్టలుతికే పాత గది ఒకటుంది. దాన్ని ఊడ్చి, గడ్డి పరిచి, అడ్డంగా ఒక కర్ర కట్టాం. అత్తగారు వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూచుని, మేం కోళ్లని పట్టుకోలేక పెరడంతా పరిగెడుతుంటే అద్దం మీద వేలితో కొడుతూ మమ్మల్ని తిట్టింది. తిట్లు మాత్రం సరిగ్గానే వచ్చేవి ఆవిడకి. అన్నిటికన్నా ఆఖరున దొరికింది నల్లకోడి. దాని పేరు మోర్క్ మేడమ్. ఒకప్పుడు ఊళ్లో అందరి ఉత్తరాలూ చదివేసిన పోస్టమ్మ పేరు దానికి పెట్టింది మా అత్తగారు. ఎవరు తలుపు తీసినా మెడ సాచి ఆరా తీసే కోడి అది.

పది రోజులు ఏమీ జరగలేదు. గుడ్లు తగ్గాయి. గది చీకటిగా ఉంది కదా, అందుకే అనుకున్నాను.

సోమవారం పొద్దున తలుపు తీసేసరికి, దిండు చింపి దులిపినట్టు గది నిండా ఈకలు. నక్క దూరిందనుకున్నాను. లెక్కపెట్టాను, ఆరూ ఉన్నాయి. ఎక్కడా రక్తం లేదు. మోర్క్ మేడమ్ మూలకి పోయి గోడవైపు తిరిగి నిలబడి ఉంది. మెడంతా బోసిపోయి గులాబీరంగు చర్మం కనపడుతోంది. తోక లేదు. ఎర్రగా నిగనిగలాడే తురాయి వాడి, పాలిపోయి, పక్కకి ఒరిగిపోయింది. నేను లోపలికి వెళ్తే తలెత్తి చూడలేదు. ఆ కోడి తలెత్తకపోవడమే నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

పశువుల శాఖవాళ్లు ఇంటింటికీ పంపిన కాగితం తలుపు వెనక అంటించి ఉంది. నిలబడి చదివాను. గుడ్లు తగ్గడం. మందకొడిగా ఉండటం. ఈకలు రేగి ఉండటం. తురాయి రంగు మారడం. ఒక్కో ముక్కా చదువుతూ ఒక్కోసారి మోర్క్ మేడమ్‌ని చూశాను. కాగితం అడుగున ఫోను నంబరుంది.

నేను ఆర్హుస్ పట్నంలో నాలుగో అంతస్తులో పుట్టి పెరిగినదాన్ని. నాకు తెలిసిన కోళ్లు షెడ్డు కోళ్లే. అవి ముసలివయ్యేలోపే లారీ ఎక్కి వెళ్లిపోతాయి. ఇలాంటి కోడిని నేను ఎప్పుడూ చూడలేదు.

నంబరుకి ఫోను చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ముందు మా ఇంటికొస్తారు. మీరెక్కడ పనిచేస్తారని అడుగుతారు. ఆ తర్వాత తోర్కిల్ షెడ్డు గేటుకి తాళం. చెయ్యకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. గది తలుపు వేశాను. స్వెటరుకి అంటుకున్న ఈకలు ఏరేసుకున్నాను. ఆరోజు పనికి వెళ్లకపోతే ఎందుకు రాలేదని తోర్కిల్ అడుగుతాడని పనికి వెళ్లాను.

మంగళవారం ఇంకో రెండు కోళ్లు బోసిగా కనపడ్డాయి. ఒకదానికి రెక్కల మీది ఈకలు కూడా ఊడిపోయి, పుల్లలు గుచ్చిన బంగాళాదుంపలా ఉంది. చూసేవాళ్లకి నవ్వొచ్చేదేమో, నాకు రాలేదు. అయినా ఆరోజూ షెడ్డుకి వెళ్లాను.

షెడ్డులోకి అడుగుపెట్టే చోట అడ్డంగా ఒక బెంచీ ఉంటుంది. ఇవతల కూచుని బయటి బూట్లు విప్పాలి. కాళ్లు అటువైపు తిప్పి లోపలి బూట్లు వేసుకోవాలి. పదకొండేళ్లుగా చేస్తున్న పని, ఆలోచించకుండానే జరిగిపోయేది. ఆరోజు ట్రేలు సర్దుతూ సర్దుతూ కిందికి చూసేసరికి నా కాళ్లకి నా సొంత బూట్లే ఉన్నాయి. పెరటి బురద ఇంకా తడిగా ఉంది. అదే బూట్లతో ఆరోజు పొద్దున్నే, కోళ్లకి పచ్చగడ్డి కోద్దామని, మా ఊరి దాకా వచ్చే ఆ పాయ పక్క బీడులోకి వెళ్లొచ్చాను. బాతులు వాలే బీడు అది.

ఎంతసేపయింది? ఇరవై నిమిషాలో, అరగంటో. గోడకవతల కోళ్ల గోల ఎప్పటిలాగే వినపడుతోంది. మెల్లగా వెళ్లి బూట్లు మార్చుకున్నాను. నేలంతా మందు నీళ్లతో కడిగాను. తోర్కిల్ తొంగిచూసి, "ఏంటి, ఇవాళ నేల మీదే భోంచేస్తావా?" అన్నాడు. నవ్వాను. ఎలా నవ్వానో తెలీదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక ఐనర్‌ని ఆ గదికి తీసుకెళ్లాను. బూట్ల సంగతి చెప్పలేదు. కోళ్లని మాత్రం చూపించాను. అతను గడప మీదే ఆగిపోయాడు.

"ఎన్నాళ్లయింది?"

"నిన్న చూశాను."

"నిన్న చూసి ఇవాళ పనికొచ్చావా?"

"నిన్న కూడా వచ్చాను."

అతను గడప మీంచే వంగి ఒక ఈక తీసుకున్నాడు. "చలికాలం ముందు కోళ్లు ఈకలు రాలుస్తాయి. చిన్నప్పుడు చూసినట్టే గుర్తు," అన్నాడు. "కానీ ఇట్టా కాదు. ఇక్కడో ఈక, అక్కడో ఈక రాలేది. వీటిని ఎవరో ఒలిచి పెట్టినట్టుంది."

"అత్తయ్యనడుగుదాం."

"ఏమని అడుగుతావ్? పొద్దున నన్ను 'చెంచా' అని పిలిచింది."

"మరి ఫోను చేద్దామా?"

"రెండ్రోజులు చూద్దాం దోర్తె. ఇదొట్టి ఈకలు రాలడమే అయితే, వాడి గేటుకి ఊరికే తాళం వేయించిన వాళ్లమవుతాం. మా అన్న నన్ను జన్మలో క్షమించడు."

"అది కాకపోతే?"

ఐనర్ తలుపు వేసి, గడియ పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు.

సోమవారం నుంచీ అత్తగారు ఒకటే మాట అంటోంది. "కోటు." నేను ఒంటికి ఈకలంటుకుని పెరట్లోంచి లోపలికి రాగానే, "కోటు, కోటు." చలేస్తోందేమోనని కోటు తెచ్చి భుజాల మీద కప్పితే విసిరికొట్టేది. ఇంకో కోటు తెస్తే అదీ విసిరేసి బల్ల మీద చరిచేది. ఇద్దరికీ ఓపిక చచ్చిపోయింది. బుధవారం నేను పని మానేశాను. తలనొప్పని తోర్కిల్‌కి కబురంపాను. అత్తగారికి బయటికి వెళ్లాలనుందేమోనని కోటు తొడిగి, చక్రాల కుర్చీలో పెరట్లోకి తీసుకొచ్చాను. ఆవిడ ఆ గది వైపే చెయ్యి చూపించింది. వద్దన్నాను. కుర్చీలోంచి లేవబోయింది. చేసేది లేక తలుపు తీశాను.

లోపల ఈకల గుట్టని చూసి ఆవిడ భయపడలేదు. అసలు ఆశ్చర్యపడలేదు. మోర్క్ మేడమ్‌ని ఇమ్మని ఒళ్లో చెయ్యి తట్టింది. ఇచ్చాను. కోడిని చంకలో ఇరికించుకుని, నా చూపుడు వేలు పట్టుకుని దాని బోసి మెడ మీద వెనక్కి రుద్దింది. ముళ్లు గుచ్చుకున్నట్టయింది. వంగి చూశాను. చర్మం నిండా నీలంగా, సన్నగా, అగ్గిపుల్లల తలల్లాంటి మొలకలు వరసలు కట్టి ఉన్నాయి. ఇంకోసారి రుద్దబోతే కోడి కెవ్వుమని అరిచి నా మణికట్టు మీద పొడిచింది.

"కోటు," అంది అత్తగారు. తన కోటుని ఎడమచేత్తో భుజం మీంచి కిందికి లాగేసింది. మళ్లీ పైకి లాక్కుంది. నా మొహంలోకి చూసింది.

"పాత కోటు విప్పేసి కొత్త కోటు వేసుకుంటోందా అత్తయ్యా?"

ఆవిడ కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చింది. మూడు రోజులుగా చెప్తున్నాను మొద్దుదానా, అన్నట్టుంది ఆ మొహం.

తర్వాత వంటింట్లోకి తీసుకెళ్లమంది. ఫ్రిజ్‌లో ముందురోజు ఉడికించిన చేపా, బఠాణీలూ ఉన్నాయి. అవి చూపించి, పెరటి వైపు చూపించింది. మెత్తగా నలిపి గిన్నెలో వేసి పెట్టాను. గోడవైపు తిరిగి నిలబడిన కోళ్లన్నీ వచ్చి పడ్డాయి. మోర్క్ మేడమ్ అయితే ఇంకో కోడి ముక్కులోంచి చేపముక్క లాక్కుని, తోక లేని వీపుతో మూలకి పరిగెత్తింది. చావబోయే కోడి ముక్క కోసం దెబ్బలాడదు కదా. గోడకానుకుని కూచుండిపోయాను. ఏడుస్తున్నానని, పని నుంచి వచ్చి చూసిన ఐనర్ తర్వాత చెప్పాడు.

ఆ ధైర్యం ఒక పూట నిలిచింది. ఈకలు రాల్చే కోడికి జబ్బు రాకూడదని ఎక్కడుంది? పైగా నా కాళ్ల బురద కోళ్లది కాదు, బాతుల బీడుది. దాని గురించి అత్తగారి కోటు ఏమీ చెప్పలేదు.

గురువారం పదింటికి తోర్కిల్ వచ్చాడు. నేను రెండోరోజూ పనికి రాలేదని చూడటానికొచ్చానన్నాడు. నిద్ర లేనట్టు కళ్లు గుంటలు పడున్నాయి. నాతో మాట్లాడుతూనే పెరట్లోకి నడిచి, ఆ గది కిటికీకి మొహం ఆనించాడు. కదలకుండా అలాగే ఉన్నాడు. ఇటు తిరిగేసరికి మొహంలో రక్తం లేదు.

"ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి. తోర్కిల్, ఇది జబ్బు కాదు. అత్తయ్య చూసింది, కొత్త ఈకలు..."

"అమ్మ చూసిందా? అమ్మ డాక్టరా?"

"నువ్వు ఈకలు రాల్చే కోడిని చూసి ఎన్నేళ్లయింది?"

"ముప్ఫై ఏళ్లయింది. చూడాల్సిన పని లేదు. అక్కడ నాకు పద్దెనిమిది వేల కోళ్లున్నాయి. వీటి మధ్యలోంచి నువ్వు రోజూ వచ్చి నా గుడ్లు ముట్టుకుంటున్నావు!"

బండిలోంచి గోనెసంచి తెచ్చాడు. "ఇప్పుడే మెడలు తిప్పేస్తాను. సున్నం వేసి పాతేద్దాం. ఎవరికీ తెలీనక్కర్లేదు."

తలుపు చప్పుడైంది. అత్తగారు నడిచే చట్రం పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ మెట్టు దాకా వచ్చింది. సంచిని చూసింది. "కోటు!" అని అరిచింది.

"అమ్మా, చలిలో బయటికెందుకొచ్చావ్?" అంటూ తోర్కిల్ తన జాకెట్టు విప్పి ఆవిడ భుజాల మీద కప్పాడు. ఆవిడ దాన్ని కిందపడేసి, "కోటు! కోటు!" అంటూ ఏడ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు అది. కొడుకు జాకెట్టు తీసి మళ్లీ కప్పాడు. మళ్లీ పడేసింది.

వాళ్లిద్దరినీ అలా చూస్తూ నిలబడ్డాను. పాతిపెట్టాక అది జబ్బో కాదో ఇక ఎవరికీ తెలీదు. నాకు అసలే తెలీదు. జీవితాంతం తెలీదు. వంటింట్లోకి వెళ్లి చేతులు కడుక్కుని, కాగితంలోని నంబరుకి ఫోను చేశాను.

తోర్కిల్ గుమ్మంలోకి వచ్చాడు. "పెట్టెయ్," అన్నాడు మెల్లగా. "దోర్తె, పెట్టెయ్."

అవతల ఎవరో ఎత్తారు. నా పేరూ ఊరూ చెప్పాను.

పశువుల డాక్టరు రెండు గంటల్లో వచ్చింది. వీబెకె అని, వాడి పారేసే తెల్ల కాగితం దుస్తుల్లో, బక్కపలచగా ఉంది. ఒక్కో కోడినీ తిరగేసి, రెక్కల కింద చూసి, "మీ అత్తగారు చెప్పింది నిజమే," అంది. "ముసలి కోళ్లు ఈకలు మార్చుకుంటున్నాయి. చీకట్లో మూసిపెట్టారు, బెదిరాయి. అందుకే అన్నీ ఒక్కసారే రాల్చేశాయి. ఆరేడు వారాలు ఇలాగే ఉంటాయి. గుడ్లు రావు. ముట్టుకోకండి, కొత్త ఈకలు మొలిచేచోట నొప్పి ఉంటుంది." గొంతుల్లోంచి దూదిపుల్లతో నమూనాలు తీసింది. "వచ్చాను కాబట్టి పరీక్షకి పంపుతాను. మీరిద్దరూ ఎక్కడ పనిచేస్తారు?"

చెప్పాను.

"అయితే అదీ చూడాలి."

తోర్కిల్ ఆమె వెనకే వెళ్లాడు. నేను వెళ్లలేదు. షెడ్డు లోపల జరిగింది తర్వాత ఐనర్ చెప్పాడు. ఈమధ్య ఎక్కువగా చస్తున్నాయా అని ఆమె అడిగితే, రోజుకి రెండో మూడో, మామూలే అన్నాడట తోర్కిల్. తలుపు పక్కన వేలాడే కార్డు మీద కూడా రెండు, మూడు అనే రాసి ఉంది. ఆమె చివరిదాకా నడిచింది. అటు మూల ఆరోజు పదకొండు కోళ్లు ఒకదాని మీద ఒకటి పడున్నాయి. రాత్రి దీపం పోతే ఒకదాన్నొకటి తొక్కుకుని చచ్చుంటాయని తోర్కిల్ అన్నాడు. ఆమె అక్కడా నమూనాలు తీసుకుంది. గేటుకి పసుపు టేపు కట్టింది.

శుక్రవారం నేనేం చేశానో నాకు గుర్తులేదు. బంగాళాదుంపల చెక్కు తీశాను, అది గుర్తుంది. తినేవాళ్లు లేకపోయినా పెద్ద గిన్నె నిండా తీశాను. షెడ్డులోంచి గుడ్ల లారీ వెళ్లలేదు. ఐనర్ అన్నకి తోడుగా అక్కడే ఉండిపోయాడు. పదకొండు కోళ్లు. మంగళవారం నా బూట్లు. గురువారానికి పదకొండు. ఈ మూడు ముక్కలే తలలో తిరిగాయి. అత్తగారు నన్ను గమనిస్తూనే ఉంది. ఒకసారి నా చెయ్యి పట్టుకుని ఏదో అడగబోయింది. మాట దొరక్క వదిలేసింది. ఆవిడకి మాట దొరకనందుకు ఆ ఒక్కరోజు సంతోషించాను.

శనివారం మధ్యాహ్నం వీబెకె ఫోను చేసింది. మా ఆరు కోళ్లకీ ఏమీ లేదు. షెడ్డు కోళ్లకి జబ్బు ఉంది.

ఒళ్లంతా ఊడి అసహ్యంగా ఉన్నవి ఆరోగ్యంగా ఉన్నాయి. తళతళలాడే ఈకలతో ఉన్నవి చస్తున్నాయి. ఫోను పెట్టేసి చాలాసేపు ఆ గోడ దగ్గరే నిలబడ్డాను.

ఆదివారం వీబెకె, ఆమెతో ఇంకో అధికారి మా వంటింట్లో కూచున్నారు. జబ్బు ఎటునుంచి ఎప్పుడు వచ్చిందో తెలియాలి, చుట్టుపక్కల ఉన్న నాలుగు షెడ్లనీ కాపాడాలంటే అది ముఖ్యం అన్నారు. బల్లకి ఒకవైపు నేను, ఐనర్, మరోవైపు తోర్కిల్. అత్తగారు కిటికీ దగ్గర తన కుర్చీలో ఉంది. మేత ఎవరు తెచ్చారు, ఫ్యాన్లు ఎవరు బాగుచేశారు, అంటూ ఆ అధికారి రాసుకుంటూ పోయాడు.

"బూట్లు మార్చకుండా ఎవరైనా లోపలికి వెళ్లారా?"

"ఎవరూ వెళ్లరు," అన్నాడు ఐనర్. "ఆ అలవాటు మాకు..."

"నేను వెళ్లాను," అన్నాను.

ఐనర్ నావైపు తిరిగాడు. బల్ల మీదున్న కాఫీ చెంచానే చూస్తూ చెప్పాను. మంగళవారం పొద్దున, పాయ పక్క బీడులో గడ్డి కోసి, అవే బూట్లతో వెళ్లానని, అరగంట దాకా చూసుకోలేదని, తర్వాత నేల కడిగానని, ఎవరికీ చెప్పలేదని. నా గొంతు ఎవరిదోలా ఉంది.

అధికారి రాసుకున్నాడు. "మంగళవారం," అన్నాడు. తోర్కిల్ నన్నే చూస్తున్నాడు. నేను అతని వైపు చూసి, చూడలేక తల దించుకున్నాను. ఇరవై రెండేళ్లు కట్టుకొచ్చిన షెడ్డు అది. అంతసేపు ఎవరూ మాట్లాడకుండా ఉండటం నేను భరించలేకపోయాను. లేచి కాఫీ పోయబోయాను.

"దోర్తె వల్ల కాదు," అన్నాడు తోర్కిల్.

అధికారి తలెత్తాడు.

"అంతకుముందే మొదలైంది. ఆ ముందు శనివారం నాలుగు చచ్చాయి. ఆదివారం ఆరు. సోమవారం తొమ్మిది. ఐనర్ పనికి రాకముందే నేనే ఏరి పారేశాను. కార్డు మీద రెండు, మూడు అని రాశాను." ఊపిరి తీసుకున్నాడు. "తొక్కుకుని చచ్చాయనుకున్నాను. కాదు, అనుకోలేదు. అనుకోవాలని చూశాను."

"ఇలా చెప్పినందువల్ల మీకు నష్టం. తెలుసు కదా?" అంది వీబెకె.

"తెలుసు. రాసుకోండి."

రాసుకున్నారు. దానికి తగ్గ శిక్ష తర్వాత అతను అనుభవించాడు, ఒక్క మాట అనకుండా. పైకప్పు దగ్గర చిరిగిన వలలోంచి ఏదో పిట్ట దూరి ఉండొచ్చని చివరికి అన్నారు గానీ, గట్టిగా ఎవరూ చెప్పలేదు.

సోమవారం లారీలు వచ్చాయి. షెడ్డు తలుపుల సందులన్నీ మూసి లోపలికి గ్యాసు వదులుతారని తెలుసు. తోర్కిల్‌ని అక్కడ ఉండొద్దన్నారు. స్నానం చేసి, ఐనర్ చొక్కా వేసుకుని మా వంటింట్లో కూచున్నాడు. అతనికి ఆ చొక్కా బిగుతు. నల్ల రొట్టె కోసి ముందు పెట్టాను. ముట్టుకోలేదు. ఐనర్ పెరట్లో కట్టెలు కొట్టాడు. అంతకుముందు రోజు కొట్టిన కట్టెలనే మళ్లీ చిన్నగా కొట్టాడు.

"నిన్న నువ్వు బూట్ల సంగతి చెప్పగానే నేను నోరు తెరవలేదు," అన్నాడు తోర్కిల్. "గమనించావా?"

"గమనించాను."

"అంతసేపూ... నీ మీదికి పోతే పోనీ అనుకున్నాను."

"తెలుసు."

"తెలిసీ ఏమీ అనలేదేం?"

"నేనే చేశాననుకున్నాను తోర్కిల్. నిజంగా నేనే అనుకున్నాను. ఏమనను?"

అతను అరచేతులు రెండూ బల్ల మీద పరిచి వాటినే చూశాడు. "అమ్మ కోళ్లని చంపేద్దామని సంచి తెచ్చాను. అప్పటికే నా దగ్గర చస్తున్నాయి. ఇక్కడ్నుంచే వచ్చిందంటే నా తప్పు ఉండదు కదా. చిన్నపిల్లాడిలా అట్టా అనుకున్నాను. అంత భయమేసింది నాకు."

మూడు గంటలప్పుడు ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో వెంటనే తెలియలేదు. షెడ్డు ఫ్యాన్ల మోత ఆగిపోయింది. అన్నేళ్లుగా ఆ మోత మా వంటింట్లోకి వినపడుతూనే ఉందని, ఆగినప్పుడే తెలిసింది. పెరట్లో గొడ్డలి చప్పుడు కూడా ఆగింది. తోర్కిల్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. అత్తగారు కుర్చీలోంచి వంగి, కొడుకు చొక్కా వెనక కాలరు పట్టుకుంది. అంతకన్నా చెయ్యి అందలేదు. ఆ కాలరు పట్టుకునే చీకటి పడేదాకా కూచుంది.

మా ఆరింటినీ చంపాలన్న మాట వచ్చింది, రెండుచోట్లా తిరిగినవాళ్లం కదా అని. మూడుసార్లు పరీక్ష చేసి చివరికి వదిలేశారు. ఈకలన్నీ వచ్చేసరికి డిసెంబరు సగం గడిచింది. మోర్క్ మేడమ్‌కి కొత్త తోక, నలుపు మీద పచ్చని మెరుపు. మా చుట్టుపక్కల ఐదు కిలోమీటర్లలో ఆ చలికాలం ఆరుబయట ఒక్క కోడి గొంతు లేదు, చెట్ల మీద కాకులే. నాలుగు షెడ్లూ మాత్రం నిలిచాయి. వాళ్ల కోళ్లు లోపలే ఉండి బతికాయి.

తోర్కిల్‌కి చెయ్యడానికి పని లేదు. రోజూ పొద్దున మా ఇంటికి వచ్చేవాడు. గది ఊడ్చేవాడు, నీళ్లు మార్చేవాడు, మేత కలిపేవాడు. వాళ్లమ్మ కిటికీలోంచి అద్దం మీద కొడుతూ, తప్పు మాటలతో అతన్ని సరిదిద్దేది. అతను అన్నిటికీ "సరే అమ్మా" అనేవాడు. వేసవికి షెడ్డులోకి మళ్లీ కోళ్లు తెచ్చాడు. నన్ను పనికి రమ్మన్నాడు. నేను వెళ్లలేదు. ఇప్పుడు బడి వంటింట్లో పనిచేస్తున్నాను.

ఆ చలికాలంలో ఒకరోజు అతను ఆ గది ముందు నిలబడి ఉండటం చూశాను. గడియ మీద చెయ్యి ఉంది, తీయడం లేదు. తల కొంచెం వంచి తలుపుకి చెవి ఆనించాడు. లోపల గడ్డి కదిలిన చప్పుడూ, ఒక కోడి గొణుగుడూ వినపడ్డాక గాని తలుపు తీయలేదు. నేను కూడా రోజూ అలాగే చేస్తానని అతనికి చెప్పలేదు. ఇప్పటికీ అలాగే చేస్తాను.